దారిలో ఆపి ‘పేపర్లు చూపించు’ అంటే ఏం చేయాలి

హ్యూస్టన్ నుంచి సౌత్ పాడ్రే ఐలాండ్‌కి బీచ్ ట్రిప్పు వేసిన తెలుగువాళ్లకు ఒక చోటు బాగా గుర్తుంటుంది. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపరు. తిరిగొచ్చేటప్పుడు 77వ నంబరు హైవే మీద సరీటా దగ్గర కార్లన్నీ వరుసలో ఆగిపోతాయి. అది బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు గస్తీ పోలీసుల చెక్‌పాయింట్. ఆకుపచ్చ యూనిఫాం, పక్కన కుక్క, వంగి అద్దంలోంచి ఒకే ప్రశ్న: ‘ఆర్ యూ ఆల్ యూఎస్ సిటిజన్స్?’ వెనక సీట్లో పిల్లలు పులిహోర తింటూ ఉంటారు. ముందు సీట్లో ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తుంది. పాస్‌పోర్టులు ఇంట్లో బీరువాలో ఉన్నాయి.

ఆ కారులో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్యాస్ స్టేషనో, రెస్టారెంటో, మోటెలో నడుపుతూ హిస్పానిక్ పనివాళ్లను పెట్టుకున్నవాళ్ల కోసం కూడా. నేను లాయర్‌ని కాదు. హిస్పానిక్ చర్చిల్లో, కమ్యూనిటీ హాళ్లలో జరిగే ‘మీ హక్కులు తెలుసుకోండి’ క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని విన్నవి, కోర్టు తీర్పులు చదివి అర్థం చేసుకున్నవి చెబుతున్నాను. మీ సొంత కేసుకి మాత్రం లాయర్‌నే అడగండి.

‘మనకెందుకండీ, మన స్టేటస్ క్లియర్‌గా ఉంది’ అనే మాట ప్రతి పాట్‌లక్‌లోనూ వింటాను. ఆ మాట అన్నాయనతోనే వాల్‌మార్ట్‌లో కౌంటరు దగ్గరి అమ్మాయి స్పానిష్‌లో మాట్లాడుతుంది. చామనచాయ ముఖం, నల్ల జుట్టు, ఇంగ్లీషులో యాస. దూరం నుంచి చూసేవాడికి గుంటూరుకీ గ్వాటెమాలాకీ తేడా తెలియదు. పైగా ఐస్, అంటే ఇమ్మిగ్రేషన్ అరెస్టులు చేసే ఫెడరల్ సంస్థ, మనకి కొత్తదీ కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ప్రభుత్వమే ఒక ఉత్తుత్తి కాలేజీ నడిపి, చేరినవాళ్లను పట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే ప్రభుత్వ డేటాబేస్‌లోవి) ఒక్కసారిగా రద్దయ్యాయి, ఆ నెలాఖరుకి మళ్లీ తెరిచారు.

తేడా ఏమిటంటే, హిస్పానిక్ కుటుంబాలు దీన్ని యాభై ఏళ్లుగా కోర్టుల్లో కొట్లాడుతున్నాయి. మనం ఈరోజు ‘నా హక్కు’ అని చెప్పుకునే దాదాపు ప్రతి ముక్కా ఎవరో ఒక హిస్పానిక్ పేరున్న కేసులోంచి వచ్చిందే. కాబట్టి అడుగులు వాళ్ల దారిలోనే వేద్దాం. ఒక్కచోట మాత్రం దారి వేరవుతుంది, అది వచ్చినప్పుడు చెబుతాను.

ముందు పర్సు సర్దండి

పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ తన రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం. ఇది పాత చట్టమే. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, 2025 ఏప్రిల్ నుంచి గట్టిగా అమలు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. వెంట లేకపోతే జరిమానా, ముప్ఫై రోజుల దాకా జైలు. సిటిజన్లకు ఈ గొడవ లేదు, వాళ్లు ఏ కాగితమూ మోయనక్కర్లేదు.

మరి ఏది ఆ పత్రం? డ్రైవింగ్ లైసెన్సు కాదు. విమానం ఎక్కడానికి పనికొచ్చే రియల్ ఐడీ నక్షత్రం దాని మీద ఉన్నా సరే, కాదు. గ్రీన్‌కార్డు ఉంటే అసలు కార్డే. ఓపీటీ (చదువయ్యాక చేసే ఉద్యోగం) వాళ్లకి, ఈఏడీ మీద పనిచేసే హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల భార్య లేదా భర్త) వాళ్లకి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు. హెచ్‌1బీ, ఎఫ్1 (విద్యార్థి వీసా) వాళ్లకి ఐ-94, అంటే దేశంలోకి వచ్చిన తేదీ, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. దేశంలో ఉండగానే ఎక్స్‌టెన్షన్ వచ్చినవాళ్ల కొత్త ఐ-94, ఐ-797ఏ అనే అప్రూవల్ నోటీసు అడుగు భాగంలోనే ఉంటుంది. వెబ్‌సైట్‌లోంచి దించుకున్న పాత ప్రింటు పట్టుకుని తిరిగితే అందులో తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఆఫీసరు దాన్నే చూస్తాడు. ఇవాళే తీసి తేదీ చూసుకోండి.

ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు ఫొటో పేజీ కాపీ, వీసా పేజీ కాపీ మడతపెట్టి కారు గ్లోవ్ బాక్సులో ఒక సెట్టు, పర్సులో ఒక సెట్టు ఉంచండి. సరిహద్దు వైపు, అంటే టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండ్ వ్యాలీకో బిగ్ బెండ్‌కో శాన్ డియాగోకో వెళ్తుంటే ఒరిజినల్ పాస్‌పోర్టులే తీసుకెళ్లండి.

ఇంట్లో హెచ్‌4 పిల్లలుంటే ఇంకో సంగతి. పిల్లకి పద్నాలుగో పుట్టినరోజు వచ్చిన ముప్ఫై రోజుల్లోపు మళ్లీ రిజిస్టర్ చేయించి వేలిముద్రలు ఇవ్వాలి. జీ-325ఆర్ అనే ఫారం, ఆన్‌లైన్‌లోనే. కేకు కోసిన నెలలోపు చేయాల్సిన పని అని చాలామంది తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ఫారంలో కొత్త చిరునామా చెప్పాలి. ఇల్లు మారిన హడావిడిలో ఇంటర్నెట్ కనెక్షన్ గుర్తుంటుంది, ఇది గుర్తుండదు.

రోడ్డు మీద పోలీసు ఆపితే

ఆగండి, ఇంజన్ ఆపండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అడిగితే ఇవ్వండి. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

తర్వాతి ప్రశ్న ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’ అయితే? అరిజోనాలో 2010లో గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం చేసిన ఎస్‌బీ 1070 చట్టం పోలీసులకు సరిగ్గా ఈ పని అప్పగించింది. ఎవరినైనా ఆపినప్పుడు, ఇమ్మిగ్రేషన్ పేపర్లు లేవన్న అనుమానం వస్తే స్టేటస్ తేల్చుకోవాలి. సుప్రీంకోర్టు 2012 జూన్‌లో ఆ చట్టంలో మూడు ముక్కలు కొట్టేసింది. స్టేటస్ అడిగే ముక్కను మాత్రం అప్పటికి ఉండనిచ్చింది. టెక్సాస్ 2017లో తన ఎస్‌బీ4తో అలాగే ఆపినవాళ్లను స్టేటస్ అడగకుండా పోలీసుల్ని ఎవరూ అడ్డుకోకూడదంది. కాబట్టి ఈ రాష్ట్రాల్లో అడగడం తప్పు కాదు. మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది?

దానికి మరికోపా కౌంటీ షెరీఫ్ జో అర్పాయో కథ తెలియాలి. 2007లో ఫీనిక్స్ పక్కన కేవ్ క్రీక్ అనే ఊళ్లో ఒక కారు ఆపారు. అందులో ప్రయాణికుడిగా కూర్చున్న మాన్యుయెల్ మెలెండ్రెస్‌కి చెల్లుబాటయ్యే టూరిస్టు వీసా ఉంది. అయినా పట్టుకెళ్లి గంటల తరబడి ఉంచారు. ఆయన కోర్టుకెక్కాడు, అది అలాంటి బాధితులందరి తరఫునా నడిచే క్లాస్ యాక్షన్ అయింది. 2013 మేలో జడ్జి ముర్రే స్నో తీర్పు ఇచ్చారు: ఈ షెరీఫ్ ఆఫీసు లాటినోలను జాతి చూసి ఆపుతోంది, అకారణంగా నిలబెడుతోంది, రాజ్యాంగానికి విరుద్ధం. ఆ ఆదేశాలను పట్టించుకోనందుకు అర్పాయో 2017లో కోర్టు ధిక్కారం కింద దోషిగా తేలాడు. నెల తిరక్కుండా ట్రంప్ క్షమాభిక్ష పెట్టేశారు, అది వేరే సంగతి.

దీన్నుంచి మనకి పనికొచ్చేది ఇది: టికెట్ రాసే పని అయిపోయాక మిమ్మల్ని ఉత్తినే నిలబెట్టడానికి వీల్లేదు. 2015లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు, ట్రాఫిక్ స్టాప్ ఆ పనికి పట్టే సమయం దాటకూడదని, కుక్క రావడం కోసం ఏడెనిమిది నిమిషాలు ఆపినా తప్పేనని చెప్పింది. కాబట్టి టికెట్ చేతికొచ్చాక మర్యాదగా అడగండి: ‘ఆఫీసర్, యామ్ ఐ ఫ్రీ టు లీవ్?’ అవునంటే నెమ్మదిగా వెళ్లిపోండి. కాదంటే ఎందుకని అడగండి, తర్వాత మాటలు తగ్గించండి. కారు వెతకొచ్చా అంటే ‘ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్’ అనండి. అడ్డం పడకండి, చేయి పట్టుకోకండి. ఆయన వెతికినా సరే, మీరు వద్దన్న మాట రికార్డులో ఉంటే చాలు.

అలబామా ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. 2011లో హెచ్‌బీ 56 అని అరిజోనా కంటే ఘాటైన చట్టం తెచ్చారు. మెక్సికన్లను తరిమేద్దామని. నవంబరులో టస్కలూసాలో ఒక పోలీసు అద్దె కారును ఆపి, సరైన గుర్తింపు పత్రం లేదని డ్రైవర్‌ని అరెస్టు చేశాడు. తీరా చూస్తే ఆయన మెర్సిడెస్ కంపెనీ జర్మన్ మేనేజరు! ఆ రాష్ట్రానికి అంత పెద్ద ఫ్యాక్టరీ తెచ్చిన కంపెనీ. చట్టం మీద రాజకీయ నాయకులకు ఒక్కసారిగా పునరాలోచన వచ్చింది.

దారి వేరయ్యే చోటు

హిస్పానిక్ సంఘాలు పంచే ఎర్ర కార్డులు మీరు చూసి ఉంటారు. ఒక పక్క స్పానిష్, ఇంకో పక్క ఇంగ్లీషు. ‘నేను మాట్లాడను, సంతకం పెట్టను, లోపలికి రానివ్వను’ అన్నది సారాంశం. రాజ్యాంగంలో నాలుగో, ఐదో సవరణలు ‘పీపుల్’, ‘పర్సన్’ అంటాయి, సిటిజన్ అనవు. కాబట్టి నోరు విప్పకుండా ఉండే హక్కు ఎవరికైనా ఉంది.

అయితే ఆ కార్డు ప్రధానంగా పేపర్లు లేనివాళ్లను మనసులో పెట్టుకుని రాసింది. వాళ్లు ఎక్కడ పుట్టారో చెప్పడమే ప్రభుత్వానికి సాక్ష్యం అవుతుంది. చట్టవిరుద్ధంగా ఆపి రాబట్టిన సాక్ష్యం కూడా డిపోర్టేషన్ కోర్టులో మామూలుగా చెల్లుతుందని 1984లో లోపెజ్-మెండోజా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అందుకే వాళ్లకి మౌనమే గొడుగు.

హెచ్‌1బీ మీద ఉన్న మీరు అదే పని చేస్తే? పత్రం వెంట ఉంచుకోవాల్సిన బాధ్యత చట్టప్రకారం మీకుంది. చూపించకుండా బిగుసుకుని కూర్చుంటే ఐదు నిమిషాల్లో తేలేది ఐదు గంటలు పడుతుంది. కాబట్టి నా సలహా: ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు అడిగితే కాగితం చూపించండి, కథ చెప్పకండి. ఏ క్లయింటు, ఏ వెండరు, జీతం ఎంత, బెంచ్ మీద ఎన్నాళ్లున్నారు, రూమ్మేట్ స్టేటస్ ఏమిటి, వీటికి జవాబు ‘ఐ వుడ్ లైక్ టు స్పీక్ టు మై లాయర్’. మనవాళ్లకి అతి వివరణ జబ్బు. అడిగింది ఒకటైతే నాలుగు చెబుతాం, నాలుగోది మొదటిదానికి పొసగదు.

ఒక్క అబద్ధం మాత్రం జన్మలో ఆడకండి: ‘ఐ యామ్ ఎ యూఎస్ సిటిజన్’. టెన్షన్‌లో తల ఊపినా ప్రమాదమే. సిటిజన్ కాకుండా సిటిజన్ అని చెప్పుకున్నవాళ్లకి గ్రీన్‌కార్డు తలుపు దాదాపు శాశ్వతంగా మూసుకుపోతుంది. సరీటాలో ‘ఆర్ యూ ఆల్ యూఎస్ సిటిజన్స్?’ అన్నప్పుడు పిల్లలు సిటిజన్లు, మీరు కాదు అనుకోండి, ‘మా పిల్లలిద్దరూ సిటిజన్లు, మేమిద్దరం హెచ్‌1బీ, హెచ్‌4’ అని విడదీసి చెప్పండి.

చెక్‌పాయింట్, ఊరి రోడ్డు ఒకటి కావు

1973లో కాలిఫోర్నియాలో శాన్ క్లెమెంటే దగ్గర ఇద్దరు బోర్డర్ పెట్రోల్ వాళ్లు హైవే పక్కన కారులో కూర్చుని, దాటిపోతున్న ఒక బండిని వెంబడించి ఆపారు. కారణం? లోపలున్న ముగ్గురూ మెక్సికన్లలా కనిపించారు. అంతే. ఆ బ్రిగ్నోనీ-పోన్సే కేసులో 1975లో సుప్రీంకోర్టు, కేవలం ముఖం చూసి తిరుగుతున్న కారును ఆపడం కుదరదంది. అదే నోటితో, మిగతా కారణాలతో కలిపితే ముఖం కూడా ఒక లెక్కే అంది. ఆ సందులోంచే ఈరోజుకీ గాలి వీస్తోంది.

మరుసటి ఏడు మార్టినెజ్-ఫ్యూర్టే కేసులో, స్థిరంగా కట్టిన చెక్‌పాయింట్‌లో మాత్రం ఏ అనుమానమూ లేకపోయినా ప్రతి కారునూ ఆపొచ్చని, పక్కకు తీసి ఇంకొన్ని ప్రశ్నలు వేయొచ్చని తీర్పు. సరీటా, 281 మీద ఫాల్‌ఫూరియస్, లరేడో దాటాక 35 మీద, 10 మీద సియెర్రా బ్లాంకా అన్నీ ఇవే. అక్కడ ‘నన్నెందుకు ఆపారు’ అని వాదించి లాభం లేదు. ప్రశ్నకి జవాబు, కాగితం, అంతే. కానీ మీ డిక్కీ తెరిచి చూడాలంటే చెక్‌పాయింట్‌లో కూడా మీ ఒప్పుకోలు గానీ గట్టి కారణం గానీ ఉండాలి. కుక్క ఆగి వాసన పడితే అది కారణమే అంటారు.

ఇక ఊళ్లలో సంగతి. 2025 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో కార్ వాష్‌లు, హోమ్ డిపో పార్కింగులు, బస్ స్టాపుల దగ్గర ఐస్ మనుషుల్ని పట్టుకెళ్లింది. జాతి, స్పానిష్ లేదా యాస ఉన్న ఇంగ్లీషు, ఉన్న చోటు, చేసే పని, ఈ నాలుగిటినే చూసి ఆపకూడదని జూలైలో అక్కడి జడ్జి ఆంక్ష పెట్టారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు 6-3తో ఆ ఆంక్షను నిలిపేసింది. జస్టిస్ సొటొమయోర్ గట్టిగా అసమ్మతి రాశారు. ఆ నాలుగిటిని మళ్లీ చదవండి. ‘యాస ఉన్న ఇంగ్లీషు’ అన్న చోట ఒక్క క్షణం ఆగండి.

తలుపు తట్టితే

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే అడుగు ఇది. ఎందుకంటే రోడ్డు మీద మీ హక్కు సన్నగా ఉంటుంది, ఇంటి గడప దగ్గరే మందంగా ఉంటుంది.

తలుపు తీయకండి. మన ఇళ్లలో ఎవరైనా వస్తే తలుపు తీసి ‘రండి రండి’ అనడం అలవాటు. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచేది. తలుపు బార్లా తీసి పక్కకి జరగడాన్ని ‘వాళ్లే రమ్మన్నారు’ అని రాసుకుంటారు. ‘పోలీస్’ అని అరిచినా అది ఊరి పోలీసు కాకపోవచ్చు. తలుపు వెనకనుంచే అడగండి: మీరు ఏ ఏజెన్సీ, వారెంటు ఉందా. ఉంటే తలుపు కింద నుంచి తోయమనండి, లేదా కిటికీ అద్దానికి ఆనించి చూపించమనండి.

ఆ కాగితం చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. పైన ‘యూఎస్ డిస్ట్రిక్ట్ కోర్ట్’ లాంటి కోర్టు పేరుండి, కింద జడ్జి లేదా మేజిస్ట్రేట్ సంతకం, మీ చిరునామా సరిగ్గా, తేదీ చెల్లుబాటులో ఉంటే అది కోర్టు వారెంటు. చిరునామా వెతకడానికిచ్చిన ఆ వారెంటు ఉంటే లోపలికి రావొచ్చు. పైన ‘డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోమ్‌లాండ్ సెక్యూరిటీ’ అని, మూల ఐ-200 లేదా ఐ-205 అని ఉంటే అది ఐస్ ఆఫీసరు రాసుకుని ఐస్ ఆఫీసరే సంతకం పెట్టుకున్న కాగితం. దాంతో బయట కనబడితే అరెస్టు చేయొచ్చు గానీ, మీరు ఒప్పుకోకుండా ఇంట్లోకి రాలేరన్నది ఎన్నాళ్లనుంచో నడుస్తున్న నియమం. తుది డిపోర్టేషన్ ఉత్తర్వు ఉన్నవాళ్ల ఇళ్లలోకి ఐ-205తోనే బలవంతంగా వెళ్లొచ్చని 2025 మేలో ఐస్ లోపల ఒక మెమో రాసుకుందని, 2026 జనవరిలో అది బయటపడింది. దాని మీద న్యాయపోరాటాలు నడుస్తాయి. మీ పని మారదు: ‘ఐ డు నాట్ కన్సెంట్’ అని వినబడేలా చెప్పండి, తలుపు బద్దలు కొట్టినా చేయి అడ్డం పెట్టకండి, ఫోన్‌లో రికార్డు చేయండి.

రూమ్మేట్లతో ఉండే పిల్లలకు ప్రత్యేకంగా: వద్దనడానికి మీరు తలుపు దగ్గర లేనప్పుడు, రూమ్మేట్ నిద్రమత్తులో తలుపు తీసి సరే అన్నాడంటే హాలు, వంటిల్లు తెరుచుకున్నట్టే. ఆరుగురు ఉంటే ఆరుగురూ ఒక సాయంత్రం కూర్చుని ఈ ఒక్క విషయం మాట్లాడుకోండి. బియ్యం ఎవరు తేవాలో మాట్లాడుకున్నట్టే.

మీరే యజమాని అయితే

కిచెన్‌లో పనిచేసే హోసే మీద మీకు ఎంత ఆపేక్ష ఉన్నా, చట్టం మీకు రెండు వైపులా కత్తి పెట్టింది. 1986లో రేగన్ సంతకం చేసిన చట్టం, పని చేసే హక్కు లేనివాళ్లను తెలిసి పెట్టుకుంటే శిక్ష అంది. అదే చట్టం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపితే కూడా శిక్ష అంది. పని చేసే హక్కు ఉందో లేదో చూసే ఐ-9 ఫారం నింపేటప్పుడు ఏ పత్రం చూపించాలో ఉద్యోగి ఇష్టం. లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇస్తే ‘కాదు, గ్రీన్‌కార్డు తే’ అనడం చట్టవిరుద్ధమే. మన కన్సల్టెన్సీలు కూడా ఇందులో ఇరుక్కుంటాయి, ‘హెచ్‌1బీ ఓన్లీ’ అని ఉద్యోగ ప్రకటన వేసి.

ఐ-9 తనిఖీకి నోటీసు వస్తే మూడు పనిదినాల టైం ఉంటుంది. ఆ రోజే ఫైళ్లు ఇచ్చేయక్కర్లేదు, లాయర్‌కి ఫోన్ చేయండి. మనుషుల కోసం ఐస్ వస్తే కస్టమర్లు కూర్చునే హాల్లోకి ఎవరైనా రావొచ్చు, వాళ్లూ రావొచ్చు. కిచెన్, స్టోర్‌రూమ్, ఆఫీసు మీ సొంత జాగా, అక్కడికి కోర్టు వారెంటు గానీ మీ అనుమతి గానీ కావాలి. ఆ తలుపుకి ‘ఎంప్లాయీస్ ఓన్లీ’ బోర్డు ఇప్పుడే పెట్టండి. కౌంటర్లో ఉండే కుర్రాడికి ‘నాకు అనుమతించే అధికారం లేదు, ఓనర్‌తో మాట్లాడండి’ అన్న ఒక్క వాక్యం నేర్పండి. ఎవర్నీ దాచకండి, వెనక తలుపు చూపించి పరిగెత్తమనకండి. అది మీ మెడకి చుట్టుకుంటుంది.

ఇంకోటి, కటువుగానే చెబుతాను. పేపర్లు లేవని జీతం తగ్గించడం, ‘ఐస్‌కి చెబుతా’ అని బెదిరించడం మనవాళ్ల షాపుల్లోనూ జరుగుతోంది. కనీస వేతనం, ఓవర్‌టైం చట్టం స్టేటస్ చూడదు. చేసిన పనికి జీతం ఇవ్వాల్సిందే.

పట్టుకెళితే

రెండు ఫోన్ నంబర్లు కంఠతా రావాలి. ఫోన్ లాక్కుంటారు, కాంటాక్టులు అందులోనే ఉంటాయి. మీ ఆయన నంబరు మీకు నోటికి వచ్చా? నాకు రాలేదు, నేర్చుకున్నాను.

ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ‘ఇది పెడితే త్వరగా వదిలేస్తాం’ అన్న కాగితం చాలాసార్లు జడ్జి ముందుకెళ్లే హక్కును వదులుకున్నట్టు ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో లాయర్ ఉండే హక్కుంది, కానీ ఖర్చు మీదే, ప్రభుత్వం ఇవ్వదు. ఇండియన్ కాన్సులేట్‌కి చెప్పమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం 36వ అధికరణం కింద ఉంది. మీరు నోరు తెరిచి అడగాలి. టెక్సాస్ వాళ్లకి హ్యూస్టన్ కాన్సులేట్.

బయట ఉన్నవాళ్లు ఐస్ లొకేటర్ వెబ్‌సైట్‌లో వెతకాలి. ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే సొంత నంబరు), పుట్టిన దేశం ఉంటే వెంటనే దొరుకుతుంది. ఏ-నంబరు గ్రీన్‌కార్డు మీద, ఈఏడీ మీద ఉంటుంది, దాన్ని ఇంట్లో ఎక్కడో రాసిపెట్టండి. లేకపోతే పేరు అక్షరం తప్పకుండా కొట్టాలి. ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేక తలనొప్పి ఉంది: ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో రెండు పేర్లూ ఒకే గడిలో ఉన్నాయా, వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడిందా. అన్ని రకాలుగానూ తిప్పి కొట్టండి.

మామూలు క్రిమినల్ కేసులో కౌంటీ జైల్లో ఉంటే, ఐస్ ఆ జైలుకి డిటైనర్ పంపొచ్చు. వదలాల్సిన సమయం దాటాక ఇంకో 48 గంటలు అట్టిపెట్టమని అడగడం అది. న్యూజెర్సీలో పుట్టిన ఎర్నెస్టో గలార్జా అనే ఆయన్ని పెన్సిల్వేనియాలో ఇలాగే మూడు రోజులు ఉంచారు, సిటిజన్ అయినా. ఆయన కేసులో 2014లో అప్పీల్ కోర్టు, డిటైనర్ ఉత్తరం లాంటిదే, ఆజ్ఞ కాదంది. ఆ తీర్పు టెక్సాస్‌లో చెల్లదు, ఇక్కడి షెరీఫులు డిటైనర్‌కి తలొగ్గాలని రాష్ట్ర చట్టమే ఉంది. అందుకే బెయిల్ డబ్బు కట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. కట్టిన గంటకే ఐస్ చేతికి అప్పగించే అవకాశం ఉంది.

షాపులో చిన్న దొంగతనం, భార్యాభర్తల గొడవలో 911 ఫోన్, తాగి డ్రైవింగ్, మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది వీటిలోనే. ‘గిల్టీ అనేయ్, ఫైన్‌తో పోతుంది’ అని క్రిమినల్ లాయర్ అంటే, దాని వల్ల నా వీసాకి ఏమవుతుందని రాతలో అడగండి. చెప్పడం ఆయన బాధ్యత. వియత్నాం యుద్ధంలో పనిచేసిన, హోండురాస్‌లో పుట్టిన హోసే పాడియా అనే లారీ డ్రైవర్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది ఇది.

లాయర్ అనుకున్నవాడు లాయరేనా

లాటిన్ అమెరికా దేశాల్లో ‘నోటారియో’ అంటే చదువుకున్న పెద్ద న్యాయవాది. అమెరికాలో నోటరీ అంటే సంతకం చూసి ముద్ర వేసేవాడు. ఈ తేడాని వాడుకుని ‘నోటారియో’ బోర్డులు పెట్టి ఎన్నో కుటుంబాల్ని ముంచారు. మనకి నోటారియో లేడు, ‘మన కన్సల్టెన్సీ అన్న’ ఉన్నాడు. వాట్సాప్‌లో ఆయన చెప్పింది విని ఫారం నింపినవాళ్లు ట్రై-వ్యాలీ నుంచీ ఉన్నారు. పేరు తీసుకుని రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని. ఫీజుకి రసీదు, దాఖలు చేసిన ప్రతి ఫారానికీ కాపీ అడగండి.

పిల్లల కోసం ఒక కవరు తయారు చేయండి. పుట్టిన సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు, మందుల వివరాలు, మీరిద్దరూ లేకపోతే బడినుంచి ఎవరు తీసుకురావాలో నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున వాళ్లకి అధికారమిచ్చే పత్రం). బడిలో ఎమర్జెన్సీ కాంటాక్టు పేర్లు పక్కింటివాళ్లవి కూడా రాయించండి. బడి మాత్రం మానిపించకండి. టెక్సాస్‌లోనే టైలర్ అనే ఊరి బడి, పేపర్లు లేని పిల్లల దగ్గర ఏడాదికి వెయ్యి డాలర్లు అడిగితే, 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో అది చెల్లదంది. ఏ స్టేటస్‌లో ఉన్న పిల్లకైనా పబ్లిక్ స్కూలు తలుపు తెరిచే ఉండాలి. అయితే బడి, గుడి, ఆసుపత్రి దగ్గర ఐస్ సాధారణంగా అరెస్టులు చేయకూడదన్న పాత మార్గదర్శకాలను 2025 జనవరిలో తీసేశారన్నది గుర్తుంచుకోండి.

అయిపోయాక, అదే రాత్రి

తప్పుగా ఆపారు, తిట్టారు, వదిలేశారు. ఇంటికొచ్చాక మనవాళ్లు చేసేది దేవుడికి దండం పెట్టి మర్చిపోవడం. పడుకోకముందే కూర్చుని రాయండి: ఎన్ని గంటలకి, ఏ రోడ్డు, ఏ ఏజెన్సీ, బ్యాడ్జి నంబరు, బండి నంబరు, వాళ్లన్న మాటలు అన్నట్టుగా, ఎంతసేపు ఉంచారు, ఎవరు చూశారు. దెబ్బలుంటే ఫొటో. వీడియో ఉంటే ఇంకొకరికి పంపండి.

ఎదురుగా జరుగుతున్నది వేరేవాళ్లదైతే, పార్కింగులో ఎవరో హిస్పానిక్ కుర్రాణ్ణి పట్టుకుంటుంటే, దూరంగా నిలబడి రికార్డు చేసే హక్కు మీకుంది. వెనక్కి జరగమంటే జరగండి, జరుగుతూ రికార్డు చేయండి. అయితే వీసా మీద ఉన్నవాళ్లు మధ్యలో దూరి వాదించకండి. ఆ వీడియో నెట్‌లో పెట్టేకంటే ఆ కుటుంబానికి గానీ, వాళ్ల లాయర్‌కి గానీ చేర్చడమే ఎక్కువ పనికొస్తుంది.

ఎవరిని కలవాలి? 1968లో శాన్ ఆంటోనియోలో పుట్టిన మాల్డెఫ్ అనే లాటినో న్యాయ సంస్థ ఇలాంటి కేసులే చూస్తుంది, పైన చెప్పిన ప్లైలర్ కేసు గెలిచింది వాళ్లే. పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ శాఖ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, మెలెండ్రెస్ కేసులో వాళ్లున్నారు. హోమ్‌లాండ్ సెక్యూరిటీలో పౌరహక్కుల ఫిర్యాదుల ఆఫీసును 2025లో బాగా కుదించేశారు. అయినా ఫిర్యాదు రాసి కాపీ దాచుకోండి. ఫెడరల్ ఆఫీసరు వల్ల నష్టం జరిగి పరిహారం అడగాలంటే ఎస్‌ఎఫ్-95 అనే ఫారం రెండేళ్లలోపు ఆ ఏజెన్సీకి చేరాలి. అది చేరకుండా నేరుగా కోర్టుకెళితే కేసు కొట్టేస్తారు. జరిగిన తేదీకి రెండేళ్లు కలిపి, ఆ తేదీని ఈ రాత్రే క్యాలెండర్‌లో పెట్టుకోండి.